ఎడమ రెక్క నాలుగు బోల్టులు

జూన్ 4

పేజీకి,

నీ బాబాయి బాగానే ఉన్నాడు. చెవులు మాత్రం నిన్నటి నుంచి గుయ్‌మంటున్నాయి, మంచి కారణానికే. ఇంజను నలభై నిమిషాలు ఆగకుండా తిరిగింది! అసలే నాకు ఫోన్లో సగం మాటలు వినపడవు. నిన్నటితో ఆ మిగతా సగం కూడా పోయినట్టుంది. అందుకే ఉత్తరం. పుస్తకాల పురుగువనేగా నీకు పేజీ అని పేరుపెట్టాను, చదువుకో.

ఇంజను మోతకి పక్క షెడ్డు వడ్రంగి ఉలి చేత్తోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏం మేస్త్రీ, తొమ్మిదేళ్ళకి మీ ఫ్రిజ్ కూత పెట్టిందే!" అన్నాడు. తెల్లగా నున్నగా ఉందని మొదటి నుంచీ వాడు దాన్ని ఫ్రిజ్ అనే అంటాడు. "ఇందులో నీళ్ళ సీసా పెట్టుకోవచ్చా?" అని కూడా అడిగాడు. "నిన్నే పెడతా, ఎక్కు" అన్నాను. ఎక్కలేదు.

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విప్పినవాణ్ణి, ఇంజను మోత నాకు కొత్త కాదు. కానీ అన్నయ్యా నేనూ గాజుబట్టా రెసినూ పొర మీద పొర వేసి కట్టిన విమానంలో ఇంజను తిరుగుతుంటే స్విచ్చి మీంచి చెయ్యి తియ్యలేదు. మీ నాన్న ఉండి ఉంటే చెవి మీది పెన్సిలు తీసి టైము రాసుకునేవాడు. పోయి ఐదు నెలలైంది, ఇంకా నేను ఏ పని చేసినా పక్కనెవరో రాసుకుంటున్నారనే అనుకుంటున్నాను. నలభై నిమిషాలన్నది వడ్రంగి లెక్క. కాస్త తగ్గించుకో.

అసలు సంగతి. ఇన్‌స్పెక్టరు జూలై 30న వస్తానన్నాడు. ఆయన చూసి సంతకం పెడితే ఆగస్టులో ఒక పొద్దున, గాలి లేని రోజు చూసుకుని, ఎగురుతాను. రెండేళ్ళు ఆదివారం ఆదివారం ఫ్లయింగ్ క్లబ్బుకి వెళ్ళి నేర్చుకున్నది ఇందుకేగా.

రెక్కలు ఇక విప్పే పని లేదు. సీటు కింద మూత తీసి లైటు వేసి చూశాను. కుడి రెక్క పట్టుకునేవి నాలుగు బోల్టులు, ఎడమ రెక్కవి నాలుగు. ఎడమవాటి మీద మీ నాన్న ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి. గోళ్ళరంగు ఇంత కాలం ఆగుతుందని ఎవరనుకున్నారు! ఆ సీసా కొనేటప్పుడు కొట్టతను "అమ్మగారికా?" అంటే అన్నయ్య "కాదండీ, విమానానికి" అన్నాడట.

నువ్వు ఆ రోజుకి సెలవు పెట్టుకో. వదినని నేను రమ్మంటే రాదు. నువ్వు అడిగి చూడు.

ఇంకా ముక్కుపుటాల్లో పెట్రోలు వాసనతో,
బాబాయి

*

జూన్ 12

బాబాయ్‌కి,

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. వడ్రంగి మాటల దగ్గర నవ్వబోయి ఆపుకుంది. తర్వాత "ఆ షెడ్డులో రెసిన్ వాసన ఇంకా వస్తోందా?" అని అడిగింది. నాన్న జబ్బు ఆ వాసనతోనే వచ్చిందని అమ్మ నమ్మకం. తలలో గడ్డకీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినా ఆ నమ్మకం పోలేదు. విమానం చూడటానికి రానంది. నేను ఇంకోసారి అడుగుతాను.

మేము ఈ ఇంటికి అలవాటు పడుతున్నాం. రెండు గదులే కాబట్టి అమ్మకి ఊడవడానికి ఏమీ దొరకదు. అందుకని నా పుస్తకాలు తీసి తుడిచి ఎత్తుల వారీగా పెడుతోంది. లైబ్రరీలో నేను రోజంతా చేసే పనికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

లైబ్రరీలో వెనక్కి వచ్చిన పుస్తకాల్లో జనం మర్చిపోయినవన్నీ ఒక డబ్బాలో వేస్తున్నాను. బస్సు టిక్కెట్లు, తలపిన్నులు, ఒక పిల్లవాడి పాలపన్ను. మొన్న ఒక చీటీ దొరికింది: "నూనె, సబ్బు, అక్కకి ఫోను." అక్కకి ఫోను అన్నదాని కింద రెండుసార్లు గీత ఉంది. చేసిందో లేదో అని రెండు రోజులు ఆలోచించాను.

ఒక సంగతి అడగాలి. మీరు ముందు పెట్టుకుని విమానం కట్టిన పుస్తకంలో ఆరో అధ్యాయం నాన్న నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. గాజుబట్ట పొరల మధ్య బిగించిన బోల్టు చుట్టూ పొర కొన్ని నెలలకి అణుగుతుందని, బోల్టు వదులవుతుందని, మళ్ళీ రెంచి పెట్టి చూడాలని అందులో ఉంది. ఎడమ రెక్కవి నాలుగూ ఒకసారి చూస్తావా? గీతలు చెరిగిపోతాయని బాధగా ఉంటే ముందు ఫోటో తీసుకో.

తీరిక చేసుకుని జవాబు రాయి.

నీ
పేజీ

*

జూన్ 20

పేజీకి,

పాలపన్ను పారెయ్యకు, ఆ పిల్లవాడు ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తాడు.

ఆరో అధ్యాయం నాకూ వచ్చు తల్లీ. మార్చిలోనే ఎనిమిదింటికీ, బిగువు సరిపడా ఉంటే టక్‌మనే ఆ రెంచి పెట్టాను. ఎనిమిదీ ఎక్కడివక్కడే టక్‌మన్నాయి, ఒక్క నట్టూ వెంట్రుకవాసి కదల్లేదు. అన్నయ్య బిగించినవి అన్నయ్య బిగించినట్టే ఉన్నాయి.

మా పద్ధతి నీకు తెలియనిదా? బిగించినవాడు నట్టు మీంచి పలక మీదికి ఎర్ర గీత గీస్తాడు. నట్టు తిరిగిందంటే గీత తెగుతుంది. రెండోవాడు వేరేగా రెంచి పెట్టి చూసి, పక్కన ఆకుపచ్చ గీత గీస్తాడు. బిగించిన చెయ్యీ చూసిన చెయ్యీ ఒకటి కాకూడదు. ఈ పద్ధతి పెట్టింది మీ నాన్నే. జీవితమంతా ఇళ్ళ ప్లాన్లు గీసిన మనిషి కదా, ఒకరు గీసింది ఇంకొకరు చూడందే కాగితం బయటికి వెళ్ళనిచ్చేవాడు కాదు. ఎవరు బిగించారో ఎవరు చూశారో రిజిస్టరులో తారీఖుతో సహా ఉంది. సెప్టెంబరులో అన్నయ్య బిగించాడు, నేను చూశాను. అయిపోయింది.

అయినా ఎడమవాటినే అడిగావేం? కుడివి బిగించింది నేను. అనుమానం రావాల్సింది ఈ బస్సు మేస్త్రీ మీద కదా!

సీటు మీద మెత్తలు కుట్టించాలి. నీలమా బూడిదా? వదిననడుగు. రంగుకి జవాబు చెబితే విమానానికి చెప్పినట్టు కాదులే అని చెప్పు.

మెత్తల్లేని సీటు మీద కూర్చుని,
బాబాయి

*

జూన్ 27

బాబాయ్‌కి,

అమ్మ బూడిదరంగు అంది. మాసినా కనపడదట.

బోల్టుల గురించి మళ్ళీ రాస్తున్నందుకు కోప్పడకు. మార్చిలో ఎడమవి నాలుగూ చూశావని రాశావు. నిజంగా నాలుగింటికీ రెంచి పెట్టావా? రెండేళ్ళ కిందట తోక బిగించేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాన్న బిగించి దిగగానే నువ్వు రెంచి ముట్టుకోకుండానే ఆకుపచ్చ గీతలు గీసేశావు. "అన్నయ్య బిగిస్తే నేను చూడాలా?" అన్నావు. నాన్న నిన్ను తిట్టాడు కానీ నవ్వుతూ తిట్టాడు.

అందుకని అడుగుతున్నాను. క్లబ్బులో మెకానిక్ ఎవరైనా ఉంటే ఆయన చేత ఆ నాలుగూ చూపించు. లేదంటే ఇన్‌స్పెక్టరునే రెంచి పెట్టి చూడమను. ఆయన గీత చూసి వదిలేస్తాడేమోనని నా భయం. పుస్తకంలోని ఆ రెండు పేజీలూ కాపీ తీసి ఇందులో పెట్టాను. నీ దగ్గర ఉంటాయని తెలుసు.

ఎడమవాటినే ఎందుకు అడుగుతున్నానని అడిగావు. జవాబు రాయడం నాకు కష్టంగా ఉంది. ఊరికే చూపించకూడదా?

ఇక్కడ వాన మొదలైంది. లైబ్రరీ పైకప్పు చరిత్ర పుస్తకాల మీద కారుతోంది.

పేజీ

*

జూలై 5

అమ్మాయికి,

నీ ఉత్తరం, అందులోని కాపీ కాగితాలు అందాయి. కాగితాలు వడ్రంగికిచ్చాను, జిగురు కలుపుకుంటాడు.

చూశాను అని రాస్తే నిజంగా చూశావా అని అడుగుతావా? నిన్ను కాన్వెంటు బడిలో చేర్చిన రోజు నా భుజాల మీద మోసుకెళ్ళాను. గేటు దగ్గర సిస్టరుని చూసి నా చొక్కా వదల్లేదు నువ్వు. అంత పిల్లవి, ఇవాళ నన్ను అబద్ధాలకోరునంటున్నావు. అనలేదంటావు. అన్నట్టే అయింది.

ఇది నీ మాట కాదులే. వదిన మాట. విమానం ఎగరకుండా ఆపడానికి ఏదో ఒక సాకు కావాలి ఆవిడకి. మొన్న రెసిను, ఇవాళ బోల్టులు. "నా మొగుణ్ణి మింగింది చాలదా" అని ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అన్నది నేను మర్చిపోలేదు. నేను మింగానా మీ నాన్నని? తొమ్మిదేళ్ళు ఆ మనిషి సంతోషంగా ఉన్నది ఈ షెడ్డులోనే. ఆ సంగతి వదిన కూడా ఎరుగును.

ఎడమ రెక్క బోల్టులు ఎవరూ ముట్టుకోరు. క్లబ్బువాడూ ముట్టుకోడు. ఎందుకని అడగకు. నేను ఎక్కేది వాటిని నమ్ముకునే. నా ప్రాణానికి లేని భయం నీకెందుకు?

ఇక ఈ సంగతి వదిలెయ్. ఆరోగ్యం, వానలు, లైబ్రరీ, ఏదైనా రాయి.

బాబాయి

*

జూలై 11

బాబాయ్‌కి,

నీ ఉత్తరం అమ్మకి చూపించలేదు. బోల్టుల సంగతి అమ్మకి తెలియదు. ఆ మాట నాదే. ముందే చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను.

పోయిన సెప్టెంబరు రెండో ఆదివారం నేను ఇంటికి వచ్చాను. నువ్వు క్లబ్బుకి వెళ్ళావు. ఎడమ రెక్క ఇవాళ అయిపోవాలని నాన్న నన్ను షెడ్డుకి తీసుకెళ్ళాడు. సీటు మీద బోర్లా పడుకుని మూతలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను.

మొదటి నట్టుకి రెంచి తగిలించి లాగాడు. టక్‌మనలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారికి చెయ్యి రెంచి మీంచి జారిపోయి పలకకి కొట్టుకుంది. "రెంచి చెడిపోయింది" అన్నాడు. నేను తీసుకుని కుడి రెక్కకి నువ్వు బిగించినదాని మీద పెట్టి లాగాను. వెంటనే టక్‌మంది. నాన్న అది విన్నాడు. నేను అలా చేయకుండా ఉండాల్సింది.

తర్వాత ఎడమ చేత్తో ప్రయత్నించాడు. ఆ మూలకి ఎడమ చెయ్యి వంగదు. నాలుగు నట్లూ వేళ్ళతో తిప్పగలిగినంత తిప్పాడు. నేను బిగిస్తానన్నాను. "రేపు నేనే వచ్చి బిగిస్తాను" అన్నాడు. లేచి కూర్చుని గోళ్ళరంగు సీసా నా చేత మూత తీయించాడు. కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని నాలుగు గీతలు గీశాడు. చెయ్యి అంత వణుకుతున్నా గీతలు తిన్నగా వచ్చాయి. రిజిస్టరులో సంతకం కూడా పెట్టాడు. ఆ సంతకం మాత్రం తిన్నగా లేదు, చూడు.

దారిలో అన్నాడు, "చిన్నోడికి చెప్పకు. వాడికి తెలిస్తే పని ఆపేసి నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పుతాడు. రెక్కలు అయిపోనీ."

నేను సరేనన్నాను. ఆ సాయంత్రం బస్సెక్కాను. ఆ తర్వాత ఫోను చేసినప్పుడల్లా బిగించావా అని అడుగుదామనుకున్నాను. అడిగితే సిగ్గుపడతాడని ఊరుకున్నాను. నవంబరులో ఆసుపత్రి. ఆ తర్వాత బోల్టుల మాట ఎవరికి గుర్తుంటుంది? అది ఎగిరే రోజు వస్తుందని కూడా నేను అనుకోలేదు.

మార్చిలో రెంచి పెడితే నట్టు కదల్లేదని రాశావు. నువ్వు నిజంగా పెట్టి ఉంటే అవి తిరిగి ఉండేవి. గీతలు తెగి ఉండేవి. గీతలు అలాగే ఉన్నాయని నువ్వే రాశావు. కాబట్టి నువ్వు చూడలేదు. నీకు నాన్న మీద ఉన్న నమ్మకం నాకు తెలుసు. దాన్ని తీసెయ్యడం నాకిష్టం లేదు. కానీ ఆ నాలుగింటి మీద నువ్వు ఎగరడానికి వీల్లేదు.

నాన్నకిచ్చిన మాట తప్పాను. నన్ను ఎంత తిట్టినా ఫరవాలేదు. నాన్నని ఏమీ అనకు.

పేజీ

*

జూలై 22

బాబాయ్‌కి,

పదకొండు రోజులైంది. జవాబు లేదు. వడ్రంగి గారికి ఫోను చేశాను. షెడ్డు తాళం వేసి ఉందని, వారం నుంచి పగలు కనపడటం లేదని, రాత్రిళ్ళు లైటు మాత్రం వెలుగుతోందని అన్నారు. "అలిగాడేమోనమ్మా, మనిషి పలకడం లేదు" అన్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు దగ్గర పడింది. ఒక్క వాక్యం రాయి. చూశాను, వదులుగా ఉన్నాయి, బిగించాను అని రాస్తే చాలు. ఇరవై ఎనిమిదో తారీఖు లోపల రాకపోతే నేనే బయల్దేరి వస్తాను.

పేజీ

*

జూలై 25

పేజీకి,

బయల్దేరకు. నేను ఎగరడం లేదు. ఇన్‌స్పెక్టరుని రావద్దన్నాను. ఎందుకో చెబుతాను. పది రోజులుగా ఈ ఉత్తరం రాస్తూ చింపుతూ ఉన్నాను.

నువ్వు నాన్నకిచ్చిన మాట తప్పానని బాధపడుతున్నావు. నువ్వు చెప్పింది నాకు తెలుసమ్మా. ఆ మర్నాడే తెలుసు.

ఆ నెలంతా అన్నయ్య టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. "ఏం, చలా?" అంటే "చలే" అన్నాడు. సెప్టెంబరులో చలేమిటి? ఆదివారం సాయంత్రం వచ్చి "ఎడమ రెక్క అయిపోయిందిరా, ఆకుపచ్చ గీసెయ్" అన్నాడు. ఎప్పుడూ లేనిది, చూడమనలేదు, గీసెయ్యమన్నాడు. సోమవారం డ్యూటీకి వెళ్ళే ముందు ఒక్కణ్ణే షెడ్డుకి వెళ్ళి రెంచి పెట్టాను. మొదటి నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. రెండోది అంతకన్నా ఎక్కువ. మూడోది, నాలుగోది నా వేళ్ళకే తిరిగాయి.

నాలుగూ బిగించాను. అన్నయ్య గీతలు తెగాయి కదా, థిన్నరుతో తుడిచేశాను. ఆయన గీత తిన్నగా ఉంటుంది, నాది ఉండదు, అందుకని ఇనప స్కేలు ఆనించి ఎర్ర గీతలు నేనే గీశాను. పక్కన ఆకుపచ్చవి గీశాను. సాయంత్రం అన్నయ్య వచ్చి మూత తీసి చూశాడు. తన గీతలు తెగకుండా పక్కన నా గీతలున్నాయి. నేను రెంచి పెట్టలేదనే అనుకుని ఉంటాడు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. రేపు బిగిస్తానన్నవాడు బిగించాడా అని నువ్వు ఆయన్ని అడగలేదు. అడిగి ఉంటే బిగించాననే చెప్పేవాడు. కానీ ఆ తర్వాత ఆ చేత్తో ఆయన పెన్సిలు తప్ప ఏదీ పట్టుకోలేదు.

కాబట్టి మార్చిలో నేను చూసింది నిజం. అవి కదలకపోవడమూ నిజం. అన్నయ్య బిగించినట్టే ఉన్నాయన్నది అబద్ధం. ఇంకొకణ్ణి ముట్టుకోనివ్వనన్నది అందుకే. క్లబ్బువాడు వస్తే రిజిస్టరు చూస్తాడు, సంతకం చూస్తాడు, ఈ వంకరేమిటని అడుగుతాడు. నువ్వు ఎడమవాటినే అడిగినప్పుడు ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నీకు తెలుసేమో అనిపించింది. తెలియదులే అని సరిపెట్టుకున్నాను. నీ మీద అరిచింది ఆ భయంతోనే. వదిన మీద పడ్డది కూడా.

బిగించిన చెయ్యీ చూసిన చెయ్యీ ఒకటి కాకూడదు. అన్నయ్య పెట్టిన పద్ధతిని అన్నయ్య పరువు కోసమే చెడగొట్టాను. ఆ నాలుగింటినీ నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. ఇన్‌స్పెక్టరుకి ఫోనులో గట్టిగా అరిచి ఇదంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "విప్పేసి కొత్త బోల్టులు వెయ్యండి, వేరే మనిషి చేత చూపించండి, అప్పుడు కబురు చెయ్యండి" అన్నాడు. అది ఎంత సేపటి పని? బోల్టుల సంగతి అంతటితో తీరిపోతుంది.

తీరనిది ఇంకొకటుంది. నవంబరులో అన్నయ్యని చేర్చిన రోజు డాక్టరు అడిగాడు, గుర్తుందా? "చెయ్యి పట్టు తప్పడం ఎప్పటినుంచి?" అని. అన్నయ్య "ఒక వారం అయిందండీ" అన్నాడు. మంచానికి అటు పక్క నువ్వున్నావు, ఇటు పక్క నేనున్నాను. డాక్టరు ఎవరైనా కాదంటారేమో అన్నట్టు మనిద్దరి వంకా చూశాడు. నువ్వు కిటికీ వైపు తిరిగావు. నీకేమీ తెలియదు కాబట్టి తిరిగావనుకున్నాను. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. పక్కనే కూతురు ఉంది, దాని ముందు మనిషిని అబద్ధాలకోరుని చెయ్యడం ఎందుకని.

వారమే కదా అని మెడ నరం అనుకున్నారు. దానికి మందులిచ్చి మూడు వారాలు చూశారు. తలకి స్కాన్ తీసింది డిసెంబరులో. ఆ సాయంత్రం డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "రెండు నెలలుగా ఉందని చెప్పి ఉంటే మొదటి రోజే తల స్కాన్ తీసేవాళ్ళం" అన్నాడు. తీసి ఉంటే బతికేవాడా అని అడిగాను. బతికేవాడనీ అనలేదు, బతకడనీ అనలేదు.

ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కడి పాపం అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక తెలిసింది, ఆ గదిలో ఇద్దరం ఉన్నాం. ఒకళ్ళం నోరు తెరిచి ఉంటే రెండోవాళ్ళు అవునని ఉండేవాళ్ళం. ఇది నీకు రాయకుండా ఉండాల్సిందేమో. పది రోజులు ఆలోచించాను. నువ్వు దాచుకున్నది నాకు చెప్పాక, నేను దాచుకుంటే ఇంకోసారి అదే పని చేసినట్టు.

నువ్వు అప్పటికి ఇరవై మూడేళ్ళ పిల్లవి. పెద్దవాణ్ణి నేను. ఆ తేడా గుర్తుపెట్టుకో.

బాబాయి

*

ఆగస్టు 3

బాబాయ్‌కి,

నాకు గుర్తుంది. కిటికీ అవతల మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. నాలుగు లెక్కపెట్టాను. డాక్టరు వెళ్ళిపోయేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

నాకు తెలియక తిరగలేదు బాబాయ్. నాన్న నా వైపు చూశాడు. అందుకని తిరిగాను.

నీ ఉత్తరం మూడు రోజులు లైబ్రరీ సొరుగులో దాచాను. పోయిన ఆదివారం అమ్మకి చెప్పేశాను. చదివి వినిపించలేదు, నోటితోనే చెప్పాను. నాకు అంత సేపు మాట్లాడటం అలవాటు లేదని నీకు తెలుసు. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బోల్టుల సంగతి వింటూ మడతపెడుతూనే ఉంది. ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి చేతిలో చీర అలాగే పట్టుకుని కూర్చుంది.

"డాక్టరు అడిగినప్పుడు నేనెక్కడున్నాను?" అంది.

"కింద. కౌంటరు దగ్గర పేరు రాయించడానికి వెళ్ళావు" అన్నాను.

"రెండు నెలల నుంచీ ఆయన చొక్కా గుండీలు పెట్టింది నేను" అంది. "రెంచి తిప్పి తిప్పి చెయ్యి పట్టేసింది, నీకు నా విమానమంటే పడదు, అయినా నీకే చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పకు అన్నారు. రోజూ తైలం రాశాను. ఆ మాయదారి షెడ్డుని రోజూ తిట్టుకుంటూ రాశాను. డాక్టరుకి మీరు చెప్పే ఉంటారనుకున్నాను. మీరిద్దరూ పక్కనే ఉన్నారుగా."

ఆమె గొంతు పెంచలేదు. మిగతా బట్టలు మడతపెట్టి బీరువాలో పెట్టింది. నాలుగు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. అన్నం వడ్డించి వెళ్ళి అవతల గదిలో కూర్చుంటోంది. తిట్టినా బాగుండేది. నిన్న నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఎత్తుల వారీగా కాకుండా ఎలా పడితే అలా ఉన్నాయి. సర్దుతూ సర్దుతూ మధ్యలో వదిలేసింది.

అమ్మ పైకి వచ్చేదాకా ఆగి ఉంటే చాలేది బాబాయ్. మనం నోరు తెరవక్కర్లేదు. పది నిమిషాలు ఆగండి డాక్టరు గారూ, మా అమ్మ వస్తుంది అంటే సరిపోయేది.

నువ్వు అమ్మకి ఉత్తరం రాయకు. చదవదు. రా. నేను చెప్పింది నా సగమే. నీ సగం నువ్వు వచ్చి చెప్పు.

నీ
పేజీ

*

ఆగస్టు 7

పేజీకి,

ఇవాళ పొద్దున క్లబ్బు మెకానిక్ వచ్చాడు. అతను చూస్తుండగా ఎడమ రెక్కవి నాలుగూ విప్పాను. కన్నాలు బాగానే ఉన్నాయి, పొర నలగలేదు. కొత్త బోల్టులు ఇంకా వెయ్యలేదు. రెక్క తీసి గోడకి ఆనించాను. వడ్రంగి ఒంటిరెక్క విమానాన్ని చూసి, గోడకి ఆనించిన రెక్క జారకుండా కింద ఓ చెక్కముక్క పెట్టి వెళ్ళిపోయాడు.

వదిన నన్ను వరండాలో అన్న మాటని ఏడు నెలలు మనసులో పెట్టుకున్నాను. ఆవిడ ఆ రోజు తెలియక అన్నది. తెలిసి ఉంటే ఏమని ఉండేదో.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రాకు, ఇల్లు కనుక్కుంటాను. నేను వస్తున్నట్టు వదినకి ముందే చెప్పు, ఉన్నట్టుండి ఎదురుపడితే బాగుండదు. తలుపు తియ్యనంటే నువ్వు తియ్యకు. ఆవిడే తియ్యాలి. నేను మెట్ల మీద కూర్చుంటాను. వినపడేలా మాట్లాడమని మాత్రం చెప్పు, తిట్టినా సరే. మూసిన తలుపు వెనకనుంచి నాకు ఒక్క ముక్కా వినపడదు.

బాబాయి